ప్రోగ్రెస్ కార్డులో నేను రాసిన ఒక మాట



ఈ నెల ఈ పేజీ రాయడం నా వంతు. పరీక్షలకు ఎలా చదివించాలి, సెల్‌ఫోన్ ఎలా మాన్పించాలి లాంటి విషయాలు ఇక్కడ రాస్తుంటాం. ఈసారి నేను ఒక ప్రోగ్రెస్ కార్డులో రాసిన ఒక మాట గురించి రాస్తున్నాను. ఆ మాట తప్పని నాకు తెలియజెప్పిన ఒక జపాన్ శాస్త్రవేత్త గురించి కూడా.

జులైలో ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెప్తూ పిల్లల్ని ల్యాబ్‌కు తీసుకెళ్లాను. బేకరీ సామాన్ల షాపులో దొరికే ఈస్ట్ ప్యాకెట్ ఒకటి తెచ్చాం. గోరువెచ్చని నీళ్లలో చక్కెర కలిపి, అందులో అర చెంచా ఈస్ట్ వేశాం. కాసేపటికి నురగ పొంగింది. "మేడమ్, కల్లు వాసన వస్తోంది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ ఒకటే నవ్వు. నవ్వాల్సిన పని లేదు, కల్లు పులిసేది కూడా ఈస్ట్ వల్లే అని చెప్పాను. రొట్టె మీద బూజు, వానాకాలం పుట్టగొడుగులు, ఇవన్నీ ఈస్ట్‌కు చుట్టాలే. అన్నీ శిలీంధ్రాలే. కాకపోతే ఈస్ట్ ఒంటికణం జీవి. ఒక్కో కణం మిల్లీమీటరులో సుమారు 200వ వంతు ఉంటుంది.

ఆ నీళ్ల చుక్క ఒకటి స్లైడ్ మీద వేసి పిల్లల్ని లైన్లో నిలబెట్టాను. ఒక్కొక్కరికి అర నిమిషం. చూడాలి, పక్కకు వెళ్లి రికార్డులో బొమ్మ వేసుకోవాలి. లైన్ బాగానే కదులుతోంది. ఒక అబ్బాయి దగ్గర ఆగిపోయింది. మైక్రోస్కోప్ మీద వంగినవాడు లేవడం లేదు.

"ఏంటి నాన్నా, ఇంకా అవ్వలేదా?" అన్నాను.

"మేడమ్, ఒక్కోదాంట్లో మధ్యలో గుండ్రంగా ఖాళీ ఉంది. అదేంటి మేడమ్?"

నేను గడియారం చూశాను. వెనక ఇంకా పాతికమంది ఉన్నారు. "అది ఈ పాఠంలో లేదు. నువ్వు వెళ్లి బడ్డింగ్ బొమ్మ వేసుకో" అన్నాను. వెళ్లాడు. బెల్ కొట్టేసరికి బొమ్మ సగమే వేశాడు. తర్వాత రెండు మూడు ల్యాబ్ పీరియడ్లలోనూ ఇదే వరస. ఆగస్టులో ప్రోగ్రెస్ కార్డులు రాసేటప్పుడు వాడి రిమార్క్స్ గడిలో "స్లో. పని టైమ్‌కు పూర్తి చేయడు" అని రాశాను. వాళ్లమ్మగారు సంతకం పెట్టి పంపారు. దాని గురించి నేను మళ్లీ ఆలోచించలేదు.

దసరా సెలవుల తర్వాత అసెంబ్లీలో నోబెల్ బహుమతి పొందిన ఒకరి గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలని నాకు చెప్పారు. మా ఎనిమిదో తరగతి వాళ్లకు ఈస్ట్ తెలుసు కాబట్టి ఈస్ట్ మీద పనిచేసిన వాళ్లెవరా అని వెతికాను. అలా యోషినోరి ఓసుమి గారు దొరికారు. 2016లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయన ఒక్కరికే వచ్చింది. సాధారణంగా ఆ బహుమతిని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. సెలవుల్లో రెండు రోజులు ఆయన గురించే చదివాను.

ఆయన 1945లో, రెండో ప్రపంచ యుద్ధం ముగియడానికి కొన్ని నెలల ముందు, జపాన్‌లోని ఫుకుఓకాలో పుట్టారు. తండ్రి ఇంజినీరింగ్ ప్రొఫెసర్. నలుగురు పిల్లల్లో ఈయనే చిన్నవాడు. పెద్దన్నయ్య సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సైన్స్ పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. వాటిలో కొవ్వొత్తి ఎలా మండుతుందో వివరించే మైకేల్ ఫారడే పుస్తకం ఒకటి. అక్కడి నుంచి కెమిస్ట్రీ మీద ఇష్టం. టోక్యో యూనివర్సిటీలో చేరాక మనసు కణాల లోపల జరిగే పనుల వైపు మళ్లింది.

ఇక్కడిదాకా చదివితే మనకు తెలిసిన కథే. బాగా చదివే అబ్బాయి, మంచి యూనివర్సిటీ. ఆ తర్వాతి భాగం మాత్రం మనం పిల్లలకు చెప్పే కథలా లేదు. డాక్టరేట్ పూర్తవుతున్న రోజుల్లో జపాన్‌లో ఉద్యోగం దొరకడం కష్టమైంది. 1974లో అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో నోబెల్ గ్రహీత జెరాల్డ్ ఎడెల్మన్ దగ్గర చేరారు. అక్కడ ఇచ్చిన పని ఎలుకల అండాల మీద పరిశోధన. అది తనకు కొత్త రంగం, సాగలేదు. చివరికి అదే ల్యాబ్‌లో ఈస్ట్ మీద పని మొదలుపెట్టారు. తర్వాత ఆయన జీవితమంతా ఈస్ట్ చుట్టూనే తిరిగింది.

1977లో టోక్యోకు తిరిగొచ్చి మరొక ప్రొఫెసర్ ల్యాబ్‌లో సహాయకుడిగా చేరారు. అక్కడ ఆయన ఎంచుకున్న విషయం చూడండి. ఈస్ట్ కణంలో వాక్యుయోల్ అనే భాగం ఉంటుంది. తెలుగు మీడియంలో చదువుకున్న తల్లిదండ్రులకు రిక్తిక అంటే గుర్తు రావచ్చు. అది కణంలో చెత్తబుట్ట లాంటిదని అప్పట్లో చాలామంది అనుకునేవారు. చెత్తబుట్ట మీద పరిశోధన చేయడానికి పోటీ పడేవాళ్లు ఉండరు కదా. తనకు పోటీ పడటం ఇష్టం లేదని, ఎవరూ చేయని పని చేయడమే నచ్చుతుందని ఓసుమి గారు తర్వాత చాలాసార్లు చెప్పారు.

ఆ పేజీ చదువుతుండగా ఈస్ట్ కణం ఫొటో ఒకటి కనిపించింది. మధ్యలో గుండ్రంగా, ఖాళీగా ఉన్న భాగం. దాని పక్కన వాక్యుయోల్ అని రాసి ఉంది.

జులైలో ఆ అబ్బాయి నన్ను అడిగింది దాని గురించే. అర నిమిషంలో ముప్ఫై మంది బడ్డింగ్ చూసి వెళ్లిపోయారు. నేను చూడమన్నది అదే. వాడు మాత్రం నేను చూడమనని దాన్ని చూశాడు. ఒక మనిషి జీవితమంతా పరిశోధించిన విషయం వాడికి మన స్కూల్ మైక్రోస్కోప్‌లో కనబడింది, ఏంటని అడిగాడు. నేను బొమ్మ వేసుకోమన్నాను.

మిగతాది చదివేటప్పుడు నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

1988లో ఓసుమి గారికి సొంతంగా చిన్న ల్యాబ్ వచ్చింది. అప్పటికి ఆయన వయసు 43. మన లెక్కల్లో అయితే సెటిల్ అవ్వడం చాలా ఆలస్యమైనట్టే. ఆ ఏడాదే ఆయన తీసుకున్న ప్రశ్న ఇది. ఈస్ట్‌కు ఆహారం దొరకనప్పుడు అది ఎలా బతుకుతుంది? అది తన రూపమే మార్చుకుంటుందని అప్పటికే తెలుసు. కొత్త రూపానికి కావాల్సిన సరుకు బయటి నుంచి రావడం లేదు. అంటే లోపల ఉన్న పాతదాన్నే విరగ్గొట్టి వాడుకుంటూ ఉండాలి. కొత్త బంగారం కొనే స్తోమత లేనప్పుడు పాత నగ కరిగించి కొత్తది చేయించుకున్నట్టు. ఆ కరిగించే చోటు ఈ వాక్యుయోలే అయి ఉండాలని ఆయన అనుకున్నారు.

కానీ చూడటం ఎలా? అక్కడికి చేరినదంతా వెంటనే కరిగిపోతుంది, చూడటానికి ఏమీ మిగలదు. దానికి ఆయన వేసిన ఉపాయం చాలా తేలికగా ఉంటుంది. వాక్యుయోల్‌లో కరిగించే ఎంజైములు లోపించిన ఈస్ట్ రకం ఒకటి తీసుకున్నారు. దానికి నత్రజని అందకుండా చేసి ఆకలితో ఉంచారు. కరిగించే పని ఆగింది కాబట్టి లోపలికి వచ్చినవన్నీ అక్కడే పోగుపడాలి. మైక్రోస్కోప్ ముందు కూర్చుని చూశారు. కొన్ని గంటల్లో వాక్యుయోల్ నిండా చిన్న చిన్న గుండ్రటి మూటలు చేరి అటూ ఇటూ కదలాడుతూ కనిపించాయి. ఒక్కో మూటలో కణం తనలోని ముక్కలనే చుట్టి లోపలికి పంపుతోంది. దీనికి కోట్ల రూపాయల యంత్రం ఏమీ అవసరం రాలేదు. ఆయన మొదట చూసింది మామూలు లైట్ మైక్రోస్కోప్‌తోనే.

కణం తనను తాను తినే ఈ పనికి ఆటోఫాజీ అని పేరు. ఆ పేరు కొత్తది కాదు. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియాన్ ద దువ్ 1963లోనే పెట్టారు. పేరు పెట్టాక పాతికేళ్లు గడిచినా అది ఎలా జరుగుతుందో, ఏ జన్యువులు నడిపిస్తాయో తెలియలేదు. ఓసుమి గారి ల్యాబ్ తర్వాతి పని అదే. ఇంట్లో ఏ ఫ్యూజు ఏ గదిదో తెలియకపోతే ఏం చేస్తాం? ఒక్కొక్కటీ తీసి, ఏ గదిలో లైటు ఆరిందో చూస్తాం. వాళ్లూ అలాగే చేశారు. రసాయనంతో ఈస్ట్ జన్యువుల్లో ఎక్కడో ఒకచోట మార్పు తెచ్చి, ఆకలితో ఉంచి, ఏ కణంలో ఆ మూటలు రావడం లేదో వెతికారు. అలా వేల కణాలను పరీక్షించారు. ఆయన దగ్గర చదువుకుంటున్న విద్యార్థిని మికి త్సుకాదా ఈ వెతుకులాటలో ముఖ్యమైన వ్యక్తి. 1993లో ఇద్దరూ కలిసి 15 జన్యువుల గురించి ప్రకటించారు.

ఈ జన్యువుల్లో చాలావాటికి సరిజోడు జన్యువులు మన శరీరంలోనూ ఉన్నాయని తర్వాత తేలింది. మనం రోజుకు తినే ప్రోటీన్ సుమారు 70 గ్రాములు. మన శరీరం రోజూ కొత్తగా తయారుచేసుకునేది మాత్రం 200 గ్రాములకు పైనే. తేడా ఎక్కడి నుంచి వస్తోంది? పాత ప్రోటీన్లను విరగ్గొట్టి మళ్లీ వాడుకోవడం వల్ల. ఆటోఫాజీ అందులో ఒక పెద్ద భాగం. ఇది సరిగా జరగకపోవడానికీ, పార్కిన్సన్స్ లాంటి జబ్బులకూ సంబంధం ఉందని పరిశోధకులు గుర్తించారు. ఈస్ట్ దగ్గర మొదలైన ప్రశ్న ఇప్పుడు ఆసుపత్రుల దాకా వచ్చింది.

1988లో మైక్రోస్కోప్‌లో చూసిన దానికి 2016లో నోబెల్ వచ్చింది. మధ్యలో 28 ఏళ్లు. మొదటి కొన్నేళ్లు ఈ విషయం గురించి పట్టించుకున్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. బహుమతి వచ్చిన రోజున కూడా ఆయన తన దేశంలో సైన్స్ గురించి బెంగ పెట్టుకున్నారు. ప్రతి పనినీ "ఇది దేనికి ఉపయోగం?" అని వెంటనే అడగడం మంచిది కాదని, ఒక విషయం ఉపయోగపడటానికి పదేళ్లు పట్టొచ్చు, వందేళ్లు పట్టొచ్చని ఆయన చెప్తుంటారు. ఇలాంటి మూల పరిశోధనలకు సాయం చేయడానికి తర్వాత తన పేరుతో ఒక ఫౌండేషన్ కూడా పెట్టారు.

ఇక్కడ ఒక్క మాట. ఓసుమి గారి పేరు మీలో చాలామంది వాట్సాప్‌లో చూసే ఉంటారు. ఏకాదశి ఉపవాసానికి నోబెల్ వచ్చిందని ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. ఆయనకు బహుమతి వచ్చింది ఉపవాసానికి కాదు, ఈస్ట్ కణాల్లో ఆటోఫాజీ ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు. ఉపవాసం మీ నమ్మకం, మీ ఇష్టం. ఎదిగే పిల్లలు టిఫిన్ మానేసి స్కూల్‌కు రావాలని మాత్రం ఆ పరిశోధన చెప్పలేదు. దయచేసి టిఫిన్ పెట్టే పంపండి.

అసెంబ్లీలో ఐదు నిమిషాలు మాట్లాడాను. అది అయ్యాక ఆ అబ్బాయిని స్టాఫ్ రూమ్‌కు పిలిచాను. "నువ్వు జులైలో అడిగిన గుండ్రటిది వాక్యుయోల్. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు, సారీ" అన్నాను. వాడికి సారీ కంటే వాక్యుయోల్ మీదే ఆసక్తి ఎక్కువ. "అయితే ఆకలేసిన ఈస్ట్‌ను మనం చూడొచ్చా మేడమ్?" అని అడిగాడు.

నవంబరు పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్లమ్మా నాన్నా ఇద్దరూ వచ్చారు. నేను రాసిన రిమార్క్ సరికాదనుకుంటున్నానని చెప్పి, జరిగిందంతా చెప్పాను. వాళ్లమ్మగారు నవ్వారు. "ఇంట్లో కూడా అంతే మేడమ్. పాలు చూడరా అంటే పొంగేదాకా చూస్తూనే నిలబడతాడు, స్టవ్ మాత్రం ఆపడు."

నాన్నగారు నవ్వలేదు. "మేడమ్, ఆయన గొప్పవాడే, కాదనను. రేపు మావాడు ఎంసెట్ రాయాలి. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అక్కడ ఒక ప్రశ్న దగ్గర ఇలా ఆగిపోతే ఎవరు ఆగుతారు వాడి కోసం?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. మీలో చాలామంది మనసులో ఉన్నదీ అదేనని నాకు తెలుసు. కష్టపడి ఫీజు కడుతున్నారు. పిల్లవాడు వెనకబడతాడేమోనని భయం ఉండటం సహజం. ఓసుమి గారు కూడా ఎంట్రన్స్ రాసే టోక్యో యూనివర్సిటీలో చేరారు. పరీక్షలు వద్దు, వేగం వద్దు అని నేను అనడం లేదు. ఆ అబ్బాయికి రాయడంలో వేగం నిజంగానే తక్కువ. దానికి ప్రాక్టీస్ కావాలి, మేం చేయిస్తాం.

నేను చేసిన తప్పు వేరు. రాయడంలో నిదానం ఒకటి. ఒక విషయాన్ని వదలకుండా చూడటం ఇంకొకటి. మొదటిది లోపం, సరిచేయాలి. రెండోది లోపం కాదు. రెండింటికీ కలిపి ఒకటే మాట రాసేశాను. ఆ మాట మీద మీరు సంతకం పెడతారు. పిల్లవాడు తన గురించి అదే నిజమనుకుంటాడు. పదే పదే "స్లో" అని విన్నవాడు వేగం నేర్చుకుంటాడో లేదో తెలియదు, ఆగి చూడటం మాత్రం తప్పకుండా మానేస్తాడు. మాకు నలభై నిమిషాల పీరియడ్ ఉంటుంది, నలభై మంది ఉంటారు. అందరి దగ్గరా ఆగడం నాకు కుదరదు. కనీసం ఆగినవాడిని తప్పుపట్టకుండా ఉండటం కుదురుతుంది.

నాన్నగారికి ఇదే చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను. కాసేపు ఊరుకుని కొడుకు వైపు తిరిగి, "ఇంతకీ ఆ గుండ్రటిది ఏంట్రా?" అన్నారు. వాడు మొదలుపెట్టాడు. ఆకలి దగ్గర నుంచి మూటల దాకా, చేతులు తిప్పుతూ, మూడు నాలుగు నిమిషాలు చెప్పాడు. వెనక లైన్లో ఇంకో ఐదారుగురు తల్లిదండ్రులు ఉన్నారు. ఈసారి నేను గడియారం చూడలేదు. ఆరోజు ఆలస్యమైన వాళ్లు నన్ను క్షమించాలి.

కొత్త కార్డులో ఇలా రాశాను: "ఓపికగా గమనిస్తాడు, మంచి ప్రశ్నలు అడుగుతాడు. రాసే వేగం పెంచుకోవాలి."

మీ ఇంట్లో కూడా ఈస్ట్ పెట్టి చూడొచ్చు. ఒక చిన్న వాటర్ బాటిల్‌లో సగం దాకా గోరువెచ్చని నీళ్లు పోయండి. వేలు పెడితే కాలకూడదు, మరీ వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది. రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా ఈస్ట్ కలిపి, మూతికి ఒక బెలూన్ తొడగండి. అరగంట, గంటలో బెలూన్ లేచి నిలబడుతుంది. ఇంకో బాటిల్‌లో చక్కెర లేకుండా అంతా అలాగే చేసి పక్కన పెట్టండి. పిల్లలకు మీరు కారణం చెప్పకండి. ఏం కనబడిందో వాళ్లనే అడగండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. మీకు తెలియని ప్రశ్న అడిగితే డైరీలో రాసి పంపండి. నాకు తెలిస్తే చెప్తాను, తెలియకపోతే వెతికి చెప్తాను.

ఇంకొక విషయం. ప్రిన్సిపాల్ గారి అనుమతితో ఈ నెల నుంచి ప్రతి శుక్రవారం లంచ్ తర్వాత ఇరవై నిమిషాలు బయాలజీ ల్యాబ్ తెరిచి ఉంటుంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఎవరైనా రావచ్చు. మార్కులు లేవు, రికార్డు రాయక్కర్లేదు. మీ పాపను, బాబును పంపడం ఇష్టమైతే డైరీలో ఒక లైన్ రాసి సంతకం పెట్టండి. ఇప్పటికి ఏడుగురు వస్తున్నారు. మొదటి వారం నేను వెళ్లేసరికే ఆ అబ్బాయి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లంచ్ బాక్స్ ఇంకా చేతిలోనే ఉంది.